క్లీనింగ్ ఏజెన్సీవాడికి “వెట్టిచాకిరీ లేదు” కాగితం దేనికండీ?

#1 ఇజీనారం_చీపురు

విజయనగరంలో ఆరేళ్ళుగా హౌస్‌కీపింగ్ ఏజెన్సీ నడుపుతున్నాను. 34 మంది పనివాళ్ళు. రెండు ప్రైవేటు ఆసుపత్రులు, ఒక కాలేజీ, నాలుగు అపార్ట్‌మెంట్లు, ముహూర్తాలున్నప్పుడు ఫంక్షన్ హాళ్ళు. నిన్న కాలేజీవాళ్ళు కాంట్రాక్టు రెన్యువల్‌కని పిలిచి నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టారు. “మా ఏజెన్సీలో వెట్టిచాకిరీ, బలవంతపు పని, మనుషుల అక్రమ రవాణా లేవు” అని నేను సంతకం పెట్టాలట. పనివాళ్ళని ఎవరి ద్వారా తెచ్చావు, ఎంత బయానా ఇచ్చావు, జీతం ఎవరి ఖాతాలో వేస్తున్నావు, ఆధార్ కార్డులు ఎవరి దగ్గరున్నాయి, అన్నీ రాయాలట.

చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది. నాదేమైనా ఇటుకల బట్టీయా? మనిషి రాకపోతే నేనే మాపు పట్టుకుని ఆసుపత్రి వరండాలు తుడిచిన రోజులున్నాయి. ఎవర్నీ గొలుసులేసి కట్టెయ్యలేదు. మీలో ఎవరైనా ఇలాంటిది రాసిచ్చారా? ఫార్మాట్ ఉంటే పెట్టండి, సంతకం గీకి పారేస్తాను.

ఇంకో మాట. హాస్టల్ పని కూడా నాకే ఇస్తామంటున్నారు. ఒడిశా సరిహద్దు అవతల నుంచి ఒక మేస్త్రీ 12 మందిని తెస్తానన్నాడు, మనిషికి 15 వేలు బయానా. రేటు ఎక్కువా? ఇంకా దిగుతాడా?

#2 సిరిమాను_సీను

ఫార్మాట్ దేనికన్నా. తెల్లకాగితం మీద లేదు లేదు లేదు అని మూడుసార్లు రాసి పైడితల్లమ్మ మీద ఒట్టేసెయ్.

#3 మూడులాంతర్ల_మూర్తి

లేబర్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. ఫార్మాట్ సంగతి తరవాత. రెండు ప్రశ్నలు. ఆ 15 వేలు ఎవరి చేతికి వెళ్తాయి? నెలనెలా జీతం ఎవరి ఖాతాలో పడుతుంది?

#4 ఇజీనారం_చీపురు

బయానా మేస్త్రీకే మూర్తిగారూ. జీతం కూడా 12 మందిదీ కలిపి తన ఖాతాలోనే వెయ్యమన్నాడు, తనే పంచుకుంటాడట. వాళ్ళలో సగం మందికి తెలుగు రాదు, బ్యాంకు ఖాతాలున్నాయో లేదో తెలీదు. ఆధార్లు కూడా పోగొట్టుకుంటారని అతనే పెట్టుకుంటాడట. ఈ లైన్లో అందరూ చేసేదే కదా.

#5 ఉద్దానం_కుర్రోడు

అయితే ఆ నాలుగు పేజీలూ మీరే నింపీసినారు కదేటి. సంతకం ఒక్కటే బాకీ.

#6 మూడులాంతర్ల_మూర్తి

కుర్రాడు వెటకారమాడాడు గానీ తప్పు మాట్లాడలేదు.

1982 ఆసియా క్రీడలకి ఢిల్లీలో స్టేడియాలూ ఫ్లైఓవర్లూ కట్టారు. అప్పుడు కూలీకి కనీస వేతనం రోజుకి 9 రూపాయల పావలా. కాంట్రాక్టర్లు ఆ డబ్బు కూలీ చేతిలో పెట్టకుండా జమాదార్లకి ఇచ్చేవారు. జమాదారు తన కమీషనని ఒక రూపాయి నొక్కేసి 8 రూపాయల పావలా ఇచ్చేవాడు. దీనిమీద ఒక ఉత్తరం వెళితే సుప్రీంకోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. జస్టిస్ భగవతి బెంచి ఏమందంటే, కనీస వేతనం కంటే తక్కువకి ఒక మనిషి ఒళ్ళు వంచుతున్నాడంటే ఇష్టపడి కాదు, ఆకలి చేయిస్తోంది. అది కూడా రాజ్యాంగం 23వ అధికరణం వద్దన్న బలవంతపు పనే అని. కర్ర పట్టుకుని ఎవరూ పక్కన నిలబడక్కర్లేదు.

మీ మేస్త్రీ ఆ జమాదారే బాబూ. ఫోన్‌పే ఒక్కటి కొత్త.

పైగా అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చిందే ఒడిశా “దాదన్” కూలీల గోడు వల్ల. బయానా ఇచ్చి గుంపుగా తోలుకుపోయే పద్ధతి అది. మన ఇచ్ఛాపురం, పాతపట్నం దాటితే ఉన్న ఊళ్ళ కథే.

#7 పలాస_జీడిపప్పు

చదువుకున్నవాళ్ళ కబుర్లు బాగానే ఉంటాయి. బయానా ఇవ్వకుండా పనివాడు వస్తాడా? సంక్రాంతి ముందు వాళ్ళే వచ్చి అడుగుతారు. ఇవ్వకపోతే ఈయన మనిషే కాదంటారు, ఇస్తే బానిసత్వం అంటున్నారు మీరు. నా జీడి బట్టీలో అడ్వాన్సు పట్టుకుని చెక్కేసినవాళ్ళు ఏడుగురు. ఒకడు నా సైకిలు కూడా పట్టుకుపోయాడు. నా గోడు ఏ సుప్రీంకోర్టుకి రాయమంటారు?

#8 సిరిమాను_సీను

సైకిలు సంగతి ముందు తేల్చండి. అట్లాసా, హెర్క్యులిసా?

#9 ఏడురోడ్ల_ప్లీడరు

పలాస అన్నగారికి. అడ్వాన్సు ఇవ్వడం నేరం కాదు. పండక్కి ఐదు వేలిచ్చి నెలకి ఐదొందలు కోసుకోండి, రసీదు ఇవ్వండి, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. తేడా ఎక్కడంటే, బాకీ ఉండగా ఆ మనిషి “నేను మానేస్తానండీ” అంటే మీరేం చేస్తారు? “సరే, బాకీ ఎప్పుడిస్తావు” అంటే మీరు అప్పులవాడు. “బాకీ తీరేదాకా కదలడానికి వీల్లేదు” అంటే 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టంలోకి వచ్చినట్టే. అప్పుకి బదులుగా మనిషి వేరేచోట పని చేసుకునే హక్కూ, తిరిగే స్వేచ్ఛా, తన కష్టానికి బజారు ధర తీసుకునే హక్కూ, వీటిలో ఏది పోయినా వెట్టే. ఆ చట్టం కింద అలాంటి బాకీ రద్దయిపోతుంది, వసూలు చెయ్యడమే నేరం. ఇది అలాంటి బాకీ కాదని రుజువు చేసుకోవలసింది కూడా అప్పిచ్చినవాడే.

శిక్ష మూడేళ్ళ దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. 1976లో పెట్టిన రెండు వేలు అలాగే ఉంది. దానికి భయపడేవాడు లేడు. జైలుకి భయపడాలి.

#10 నాగావళి_గట్టు

మా తాత ఆమదాలవలస దగ్గిర ఒకరింట కంబారి, అంటే పాలేరు. ఏడాదికిన్ని గింజలు, ఒక జత బట్టలు, ఒక జత సెప్పులు. మా అత్త పెళ్ళికి అప్పు సేసాడు, ఆ అప్పుకి మా నాన్నని కూడా ఆల్ల పసువుల దగ్గిర పెట్టీసినాడు. మా నాన్నకి అప్పుడు తొమ్మిదేళ్ళు. అప్పు ఎంతో మా నాన్నకి ఇప్పటికీ తెల్దు. పుస్తకం ఆల్ల దగ్గిరే ఉండీది. కొండల్లో దీన్నే గోతి అనీవోరు. మద్రాసు గవర్నమెంటు 1940లోనే మన్యం ఏజెన్సీలో ఈ అప్పు వెట్టి రద్దు సేసిందట, మా ఊరికి ఆ కబురు రాడానికి టైం పట్టింది.

కంబారి అనీ మాట పోయింది. ఇప్పుడు హౌస్‌కీపింగ్ స్టాఫ్ అంటన్నారు.

#11 ఇజీనారం_చీపురు

అయ్యా, నన్ను తీసుకెళ్ళి మీ తాతగారి కామందు పక్కన కూర్చోబెట్టారు. నేను ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. పనివాళ్ళ పిల్లలకి స్కూలు పుస్తకాలు కొంటాను ఏటా. ఫార్మాట్ అడిగితే ఇంత పురాణం విప్పుతారనుకోలేదు.

#12 కలాసీ_కూతురు

ఇజీనారంగారూ, ఒక్కటి అడుగుతాను. మేస్త్రీని పక్కన పెట్టండి. మీ దగ్గర ఇప్పుడున్న 34 మందిలో ఎంతమంది కార్డులు మీ బీరువాలో ఉన్నాయి?

#13 ఉద్దానం_కుర్రోడు

చాలాసేపైంది. అన్న బీరువా తాళం వెతుకుతున్నట్టున్నాడు.

#14 డేఅండ్‌నైట్_రమణ

ఈ లోపల నాదొకటి. శ్రీకాకుళంలో ఒక ఫంక్షన్ హాల్లో రెండేళ్ళు సూపర్‌వైజర్‌గా చేశాను. పెళ్ళి భోజనాలయ్యాక రాత్రి ఒంటిగంటకి మా పని మొదలు. విస్తళ్ళు ఎత్తాలి, సాంబారు జిడ్డు పోయేదాకా వేణ్ణీళ్ళూ సోడా వేసి గచ్చు తోమాలి, పొద్దున్న ఆరుకి ఇంకో పెళ్ళివాళ్ళు దిగిపోతారు. పనివాళ్ళు మధ్యలో జారుకుంటారని ఓనరు షట్టరు దింపి బయట తాళం వేయించేవాడు. ఆ తాళంచెవి నా జేబులో ఉండేది. ఫోన్లు ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయించి నేనే పెట్టుకునేవాణ్ణి, “వీడియోలు చూస్తూ కూర్చుంటారు” అని.

ఒక రాత్రి వంటశాల వైపు ఏదో కాలిన వాసన వచ్చింది. లోపల పద్నాలుగు మంది. నేను బయట టీ కొట్టు దగ్గర. పరిగెత్తుకొచ్చి తాళం తీస్తుంటే చెయ్యి వణికి చెవి రెండుసార్లు కింద పడింది. ఏమీ కాలేదు, పొయ్యి మీద మర్చిపోయిన గిన్నె. ఆ పద్నాలుగు మందిలో ఇద్దరు పదమూడేళ్ళ గుంటలు. నేను నెలాఖరుకి మానేశాను. తాళం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడే చెప్తున్నాను.

#15 మూడులాంతర్ల_మూర్తి

రమణా, మానేశావు సరే. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం. 1098కి ఒక్క ఫోన్ కొట్టి ఉంటే పోయేది.

#16 డేఅండ్‌నైట్_రమణ

నిజమే సార్.

#17 కలాసీ_కూతురు

నేనెందుకు కార్డులడిగానో చెప్తాను. పెద్దదవుతుంది, ఓపికుంటే చదవండి.

మాది లావేరు వైపు. నాన్న విశాఖలో కలాసీ. నడుము విరిగి ఇంట్లో పడ్డాక అమ్మ అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్లీనింగ్‌కి చేరింది. ఆసుపత్రి ఉద్యోగం కాదు, ఒక ఏజెన్సీ కింద. చేరేటప్పుడు అక్క పెళ్ళికని 20 వేలు అడ్వాన్సు తీసుకుంది. వాళ్ళే బ్యాంకు ఖాతా తెరిపించారు, మాకు మహా సంబరం, మా ఇంట్లో మొదటి బ్యాంకు ఖాతా. ఏటీఎం కార్డూ, పిన్ను కవరూ సూపర్‌వైజరు తీసుకున్నాడు. “నీకు మిషను వాడ్డం రాదు, నేనే తీసిస్తాను.” అమ్మకి నిజంగానే రాదు.

నెలకి 6,500 చేతిలో పెట్టేవాడు. యూనిఫాం 600 కోత. మెట్లకింద గదికి అద్దె కోత. ఒకరోజు రాకపోతే రెండ్రోజుల జీతం కోత. ఏసిడ్‌కి అమ్మ వేళ్ళ సందులు ఒరిసిపోయి అన్నం ఎడంచేత్తో తినేది. గ్లవుజులడిగితే కొత్తవి వచ్చేనెల అనేవారు. మానేస్తానంటే “బాకీ కట్టి వెళ్ళు”. రెండేళ్ళు చేశాక పుస్తకంలో బాకీ 23 వేలు. ఇరవై ఇరవైమూడయింది! లెక్క మాత్రం ఎప్పుడూ చూపించలేదు.

నేనప్పుడు ఇంటర్ సెకండియర్. ఒకరోజు బ్యాంకు పనిమీద అమ్మతో వెళ్ళి, పాస్‌బుక్ ప్రింటు వేయించమన్నాను. ఖాతాకి ఎక్కించిన ఫోన్ నంబరు మాది కాదు, సూపర్‌వైజరుది. అక్కడే ఫారం నింపి నా నంబరు ఎక్కించాను. తరవాతి నెల 7న నా ఫోన్ మోగింది. 9,840 జమ. నేను ఆ మెసేజి అమ్మకి చదివి వినిపించేలోపే రెండోది. 9,500 విత్‌డ్రా. సాయంత్రం అమ్మ 6,500 తెచ్చి దేవుడి పటం ముందు పెట్టింది.

మర్నాడు కార్డు బ్లాక్ చేయించాం. సూపర్‌వైజరు ఇంటి ముందుకొచ్చి అరిచాడు, కేసు పెడతానన్నాడు. పెట్టలేదు. పెడితే పుస్తకం బయటికి రావాలి కదా.

అతనూ ఎవర్నీ కొట్టలేదండీ. నాకు పెన్నుల డబ్బా కూడా కొనిచ్చాడు ఒకసారి.

#18 పలాస_జీడిపప్పు

ఆ ఆసుపత్రి పేరు రాయమ్మా. నలుగురికీ తెలియాలి.

#19 వేదిక_పెద్ద

పేర్లు వద్దు. ఆసుపత్రులవీ, ఏజెన్సీలవీ, కాలేజీలవీ ఎవరివీ వద్దు. రాస్తే పోస్టు తీసేస్తాను.

#20 ఏడురోడ్ల_ప్లీడరు

అమ్మాయీ, మీ అమ్మగారి కేసు అచ్చంగా వెట్టిచాకిరీయే. అప్పుడే ఆర్డీవోకో కలెక్టరుకో అర్జీ పెట్టి ఉంటే విచారణ చేసి విడుదల పత్రం ఇవ్వాలి. 2016 నాటి కేంద్ర పథకం ప్రకారం పునరావాసానికి మగవాళ్ళకి లక్ష, ఆడవాళ్ళకీ పిల్లలకీ రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. లాయరు ఖర్చు లేకుండా న్యాయ సేవాధికార సంస్థ చూస్తుంది, 15100కి ఫోన్ చేస్తే చాలు. ఇది మీకోసం కాదు, చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని.

#21 మాంచెస్టర్_సిక్కోలు

చదువుకోడానికి ఇక్కడికొచ్చి రాత్రిళ్ళు ఒక క్లీనింగ్ కంపెనీలో బాత్రూములు కడిగాను. ఇప్పుడు అదే కంపెనీలో జీతాల లెక్క చూస్తున్నాను.

బ్రిటన్లో 2015లో మోడరన్ స్లేవరీ చట్టం వచ్చింది. ఏడాదికి 3.6 కోట్ల పౌండ్ల పైన వ్యాపారం చేసే కంపెనీ, తన దగ్గరా తనకి సరుకూ మనుషులనీ ఇచ్చేవాళ్ళ దగ్గరా వెట్టి లేకుండా ఏం చేస్తున్నదీ ఏటేటా రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. మీకిచ్చిన నాలుగు పేజీలు ఆ జాతికి చెందినవే అనుకుంటా. వాటిలో చాలామటుకు కాపీ కొట్టినవేనని మేమూ నవ్వుకుంటాం.

పనికొచ్చేది అది కాదు. నెలనెలా నేను చేసే చిన్న పని. ఇద్దరు ముగ్గురి జీతం ఒకే ఖాతాకి వెళ్తోందా? పదిమంది ఒకే ఇంటి చిరునామా రాశారా? వేర్వేరు పేర్లకి ఒకే ఫోన్ నంబరుందా? ఒకసారి నలుగురి జీతం ఒక్క ఖాతాలో తేలింది. ఖాతా వాళ్ళ ఇంటి ఓనరుది. వాళ్ళతో మాట్లాడదామని పిలిస్తే వాళ్ళతోపాటు అతనూ వచ్చాడు, ఏ ప్రశ్న వేసినా అతనే జవాబు. అతన్ని బయట కూర్చోబెట్టి, వాళ్ళ భాష వచ్చిన మనిషిని ఫోన్లో పెట్టాం. పది నిమిషాలు ఎవరూ నోరు విప్పలేదు. పదకొండో నిమిషంలో ఒకాయన “మా పాస్‌పోర్టులు ఇప్పిస్తారా” అన్నాడు.

మీ 12 మంది సంగతి చదవగానే అదే గుర్తొచ్చింది. ఒకే ఖాతా, కార్డులు ఒకడి దగ్గర, భాష రాదు. మూడూ ఉన్నాయి.

#22 ఉద్దానం_కుర్రోడు

మాంచెస్టర్ బావా, అక్కడ ముసలోల్లని సూసుకునే పనికిచ్చే కేర్ వీసాలకని మనోల్లు కన్సల్టెన్సీకి లక్షలు పోసి ఎల్లి పని లేక తిరుగుతున్నారట కదా. అదేటంటారు మరి?

#23 మాంచెస్టర్_సిక్కోలు

అదీ ఇదే. మనం చదువుకున్నవాళ్ళం కాబట్టి దాన్ని బయానా అనం, ప్రాసెసింగ్ ఫీజు అంటాం.

#24 బొబ్బిలి_వీణ

అందరూ ఇజీనారంగారిని దులిపేస్తున్నారు. నేను అటువైపు మనిషిని, ఒక ఆసుపత్రి అకౌంట్స్. హౌస్‌కీపింగ్ కొటేషన్లు తెరిచేది నేనే. లెక్క చూడండి.

సులువుకోసం మనిషి జీతం 12,000 అనుకుందాం. యజమాని వాటా పీఎఫ్ ఛార్జీలతో కలిపి 13 శాతం, 1,560. ఈఎస్‌ఐ 3.25 శాతం, 390. బోనస్ 8.33 శాతం, దాదాపు 1,000. ఇక్కడికే 14,950. ఇందులో యూనిఫాం లేదు, ఫినాయిలు లేదు, వారం సెలవురోజు బదులు మనిషి లేడు, ఏజెన్సీవాడి లాభం పైసా లేదు. జీఎస్టీ వేరే.

పోయినసారి మాకొచ్చిన కొటేషన్లలో అన్నిటికంటే తక్కువది 13,200. దానికే ఇచ్చాం. 1,750 తేడా ఎక్కడినుంచి పూడుస్తాడని మీటింగులో ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. టీ తాగి సంతకం పెట్టాను. ఇప్పుడు కలాసీ కూతురు రాసింది చదివాక ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలిసింది. పిన్ను కవరులోంచి వస్తుంది.

#25 పలాస_జీడిపప్పు

ఇదీ మాట. తక్కువ రేటుకి పని కావాలి, పైన నీతి కాగితం కావాలి. కాలేజీవాళ్ళ చేత కూడా ఒక సంతకం పెట్టించండి, చట్టప్రకారం అయ్యే ఖర్చుకి తక్కువ రేటు ఇవ్వం అని.

#26 మూడులాంతర్ల_మూర్తి

పలాసగారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను, తేదీ రాసుకోండి. కాలేజీవాళ్ళు కాగితం అడిగింది ఈయన మీద ప్రేమతోనో పనివాళ్ళ మీద జాలితోనో కాదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటినుంచీ ఉంది.

#27 ఏడురోడ్ల_ప్లీడరు

అవును, కొత్త వేతన కోడ్‌లో కూడా ఆ బాధ్యత ఉంది. 2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల్ని కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్లూ అమల్లోకి వచ్చాయి కదా. అందరికీ నియామక పత్రం ఇవ్వాలి. నెల జీతం తరవాతి నెల 7లోపు. ఓవర్‌టైముకి రెట్టింపు. మనిషి మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి డబ్బు ఇచ్చెయ్యాలి. వెట్టిచాకిరీ చట్టం ఈ కోడ్లలో కలవలేదు, అది 1976దే విడిగా నడుస్తోంది.

#28 సిరిమాను_సీను

దసరా తరవాత మంగళవారం సిరిమాను సెలవు ఏ కోడ్‌లో ఉందో చెప్పండి ప్లీడరుగారూ. మా ఓనరు ఇవ్వడం లేదు.

#29 ఉద్దానం_కుర్రోడు

జోకుల మధ్యలో ఒక సీరియస్ ముక్క. ఇజీనారం అన్నా, అపార్ట్‌మెంట్లలో సెప్టిక్ ట్యాంకులు కూడా మీ వాళ్ళ చేతే తీయిస్తున్నారా? మా సోంపేట వైపు ఒక లాడ్జీలో ఊడ్చే మనిషినే “కాస్త దిగి చూడు” అన్నారు. అతను దిగనన్నాడు కాబట్టి బతికి ఉన్నాడు.

#30 మూడులాంతర్ల_మూర్తి

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడమే 2013 చట్టం ప్రకారం నేరం. దిగి చనిపోతే 30 లక్షల పరిహారం అని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పెంచింది, అంతకుముందు 10 లక్షలు. “కాస్త దిగి చూడు” అన్న మాటకి అంత ఖరీదు.

#31 ఇజీనారం_చీపురు

రెండ్రోజులు రాలేదు. కోపం వచ్చే రాలేదు, దాచడమెందుకు.

సెప్టిక్ ట్యాంకు పని నేను తీసుకోను, మిషను బండివాళ్ళకి ఫోన్ చెయ్యమంటాను. ఆ ఒక్కటీ బాగానే చెప్పగలను.

మిగతావి. కలాసీ కూతురు అడిగినదానికి జవాబు: 11 ఆధార్లు, 4 పాస్‌బుక్కులు, 3 ఏటీఎం కార్డులు. రబ్బరు బ్యాండు వేసి పాత స్వీటు డబ్బాలో ఉన్నాయి. ఏటీఎం కార్డులు వాడలేదు, నా పిల్లల మీద ఒట్టు. కానీ ఎందుకు పెట్టుకున్నానని రాత్రి నన్ను నేను అడుక్కుంటే, పోతాయని కాదు. కార్డు నా దగ్గరుంటే మనిషి చెప్పకుండా పోడు, అంతే. ఆ 11 మందీ అడ్వాన్సు ఉన్నవాళ్ళే. అడ్వాన్సు లేని ఒక్కరి కార్డూ డబ్బాలో లేదు. ఇన్నాళ్ళూ నాకే తట్టలేదు.

బొబ్బిలి వీణగారి లెక్కకి కూడా జవాబు. కాలేజీ నాకిచ్చేది మనిషికి 12,900. 20 మంది ఉంటే పీఎఫ్ కట్టాలి కాబట్టి పుస్తకంలో 19 మందినే చూపిస్తున్నాను. మిగతా 15 మంది కాగితం మీద లేరు.

#32 ఏడురోడ్ల_ప్లీడరు

ఇలాంటివి పబ్లిక్‌గా రాయకండి మహానుభావా. ఆఫీసుకి రండి.

#33 సిరిమాను_సీను

ఫీజు లేకుండానేనా ప్లీడరుగారూ?

#34 మూడులాంతర్ల_మూర్తి

బాబూ, ఒప్పుకోడానికి గుండె కావాలి. ఇప్పుడు చెయ్యవలసింది చేసుకోండి. కార్డులు ఎవరివి వాళ్ళకిచ్చెయ్యండి, జిరాక్సు ఉంచుకోండి చాలు. అడ్వాన్సు పుస్తకం ప్రతి ఒక్కరికీ వాళ్ళ పేజీ చూపించి వేలిముద్రో సంతకమో తీసుకోండి, ఒక కాపీ వాళ్ళ దగ్గరుండాలి. పీఎఫ్ సంగతి ప్లీడరుగారితో కూర్చుని మీ అంతట మీరే సరిచేసుకోండి, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆగొద్దు. మేస్త్రీ విషయంలో, మనుషుల్ని చూపించినందుకు కమీషను ఇవ్వదలిస్తే మీ జేబులోంచి ఇవ్వండి, వాళ్ళ కూలీలోంచి కాదు. ఆ 12 మందితో ఒక్కొక్కరితో విడిగా, మేస్త్రీ లేకుండా మాట్లాడండి. ఒడియా వచ్చినవాళ్ళు మన దగ్గర కరువా.

#35 ఇజీనారం_చీపురు

నిన్న మేస్త్రీకి అదే చెప్పాను. విడివిడిగా ఖాతాలు, కార్డులు వాళ్ళ దగ్గరే, ముందు ఫోన్లో మాట్లాడతాను అని. “ఇలాగైతే మీకు కుదరదండీ, నాకు విశాఖలో పార్టీలున్నాయి” అని పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

#36 కలాసీ_కూతురు

ఆ 12 మందీ ఇప్పుడు విశాఖలో పార్టీ దగ్గరకి వెళ్తారు.

#37 ఇజీనారం_చీపురు

తెలుసమ్మా. రాత్రంతా అదే ఆలోచించాను. అతని నంబరు మూర్తిగారికి ప్రైవేటుగా పంపాను.

కాలేజీవాళ్ళకి వీణగారి లెక్క తెల్లకాగితం మీద వేసి చూపించాను. వాళ్ళ అకౌంటెంటు రెండుసార్లు కూడి చూశాడు. 12,900ని 14,000 చేస్తామన్నారు, ఆ పైన వచ్చే ఏడాది చూద్దామన్నారు. హాస్టల్ పని వదులుకున్నాను. 14 వేలకి కూడా నాకు చేతినుంచే పడుతుంది, ఎన్నాళ్ళు నెట్టగలనో చూడాలి.

#38 పలాస_జీడిపప్పు

ఆ హాస్టల్ పని ఇంకొకడు 12,500కి ఎత్తుకుంటాడు, చూస్తూ ఉండండి. వాడూ అదే కాగితం మీద సంతకం పెడతాడు.

#39 బొబ్బిలి_వీణ

పెడతాడు. మా ఆసుపత్రి కొటేషన్లు వచ్చే నెల మళ్ళీ తెరుస్తాం. ఈసారి జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ విడివిడిగా చూపించని కవరు పక్కన పెట్టాలని నోట్ పెట్టాను. పైకి వెళ్ళింది. ఇంకా కిందకి రాలేదు.

#40 ఇజీనారం_చీపురు

ఈరోజు పొద్దున్న ఐదున్నరకి షిఫ్టు మారేటప్పుడు కార్డులు పంచాను. ఏదో గొప్ప పని చేస్తున్నట్టు పేర్లు పిలుస్తున్నాను. మొదటి మనిషి, నాలుగేళ్ళుగా నా దగ్గర చేస్తున్నావిడ, కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం పాలిపోయింది. “ఏటి బాబూ, పన్లోంచి తీసేస్తన్నారా?” అంది. వెనకాల వరసలో ఉన్నవాళ్ళు కదల్లేదు. ఇద్దరైతే మాకొద్దు బాబూ మీ దగ్గరే ఉంచండి అన్నారు. పని పోవడం లేదని, కార్డు మీదే, బాకీ ఉన్నా మీదేనని చెప్పి ఒప్పించేసరికి ఆరున్నర దాటింది. ఆసుపత్రివాళ్ళు లేటని ఫోన్లు.

11లో 10 ఇచ్చాను. ఒకటి మిగిలింది. పోయిన మాఘంలో చెప్పకుండా మానేసిన అమ్మాయిది. మూడు వేలు బాకీ ఉంది. ఫోన్ స్విచాఫ్.

#41 సిరిమాను_సీను

కార్డు మీద అడ్రసుంటాది కదా అన్నా, రిజిస్టరు పోస్టు చేసెయ్.

#42 ఇజీనారం_చీపురు

చూశాను. ఖాతా తెరిపించడానికి నేనే అడ్రసు మార్పించాను అప్పట్లో. కార్డు మీదున్నది నా ఆఫీసు వెనక గది అడ్రసే.

సొంతూరు సాలూరు దగ్గరని తోటివాళ్ళు చెప్పారు. ఆదివారం బండి మీద వెళ్ళొస్తాను.

#43 కలాసీ_కూతురు

మానేసిన నెలలో ఎన్నిరోజులు పనిచేసింది?

#44 ఇజీనారం_చీపురు

మస్టరు తీసి చూశాను. పదకొండు రోజులు. ఇవ్వలేదు. మూడు వేల బాకీ పోగా ఇంకా తనకే రావాలి.

#45 కలాసీ_కూతురు

బాకీ కోసుకోకండి. పదకొండు రోజులదీ మొత్తం పట్టుకెళ్ళండి.

#46 ఇజీనారం_చీపురు

సరేనమ్మా. కార్డుతోపాటు కవర్లో పెట్టాను.

#47 నాగావళి_గట్టు

గజపతినగరం, రామభద్రపురం మీదుగా ఎల్లండి. ఎండెక్కీలోపు బయల్దేరండి. ఊళ్ళోకి ఎల్లీముందు ఎందుకొచ్చారో ముందే సెప్పండి, బాకీ వసూలుకి ఒచ్చారనుకుని ఆ పిల్ల దాక్కుంటాది.